సీసాలోంచి తీసిన చీటీ

ఏ చోట దొరికిందో తెలియని చేప మ్యూజియంలో ఉన్నా కూరలో ఉన్నా ఒకటేనని పదిమందికి పాఠాలు చెప్పినదాన్ని నేను. మా అన్నయ్యకీ నూరిపోశాను. మరబోటు నడిపే మనిషి, నాలుగు ముక్కలు రాయాలంటే ఒళ్లు బద్ధకం. అయినా చేప పట్టిన చోటు, లోతు, తేదీ పెన్సిల్‌తో చీటీ మీద రాసి సీసాలోనే వేయడం నేర్చుకున్నాడు. సిరా అయితే చేప పాడవకుండా పోసే స్పిరిట్‌లో కరిగిపోతుంది. పెన్సిల్ రాత వందేళ్లయినా పోదు.

మూడు నెలల కిందట తను తెచ్చిన సీసా చూసి నాకు గుండె ఆగినంత పనైంది. అరచేయంత నల్లటి చేప. దవడ కింద వేలాడే మీసం, దాని కొసన బతికున్నప్పుడు వెలిగే చిన్న బుడిపె. రెండు రోజులు సూక్ష్మదర్శినికి కళ్లప్పగించి వెన్నురెక్కలో ముళ్లు లెక్కపెట్టాను. పదిహేడు, ఆ జాతికి ఉండాల్సినన్ని. ఇక అనుమానం లేదు. సముద్రంలో సరిహద్దు గీతకు అవతలి దేశం నీళ్లలో తప్ప ఎవరికీ దొరకని చేప, మన నీళ్లలో మొదటిసారి! వ్యాసం అచ్చయిన రోజే నా ఉద్యోగం పర్మనెంటు చేస్తానన్నాడు మా మ్యూజియం పెద్దసారు. లేకపోతే ఈ ఏడాదితో ఇంటికే. ఇక మ్యాపు గీయడం ఒక్కటే మిగిలింది.

ఆ మ్యాపే కొంప ముంచింది. చీటీలో లోతు తొమ్మిది వందల మీటర్లని ఉంది. అన్నయ్య రాసిన చోట సముద్రం నాలుగు వందలు దాటదు. అంత లోతు కావాలంటే గీత దాటాల్సిందే. చోటు దాచినవాడు లోతు దాచలేకపోయాడు. అంత లోతుకి వల దించానని చెప్పుకోకపోతే తనకి అన్నం సయించదు మరి.

రేవుకి వెళ్లేసరికి వల బాగుచేసుకుంటున్నాడు.

"గీత దాటావా అన్నయ్యా?"

"ఎవరు చెప్పారే?"

"నీ చీటీయే చెప్పింది."

"నువ్వే కదా మ్యాపు ముందేసుకుని ఏడ్చావు, ఇవతల ఒక్కటి దొరికినా నా ఉద్యోగం నిలబడుతుందని. ఒక్కసారి వెళ్లొచ్చాను. అంతే."

"తెలిస్తే బోటు లాక్కుంటారు."

"తెలియనివ్వకు. లోతు చెరిపేసి మూడు వందలని రాసెయ్. పెన్సిలేగా!"

ఒళ్లు మండిపోయింది, తన మీద కాదు, నా నోటి మీద. లేని చేపని మన నీళ్లలో ఉందని రాయడానికి చెయ్యి రాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే అన్నయ్య పని అయిపోతుంది. తప్పు చీటీ అయినా సీసాలోంచి తీయకూడదు, పక్కన ఇంకోటి వేయాలి. మా పనిలో అన్నిటికంటే పెద్ద నియమం అది. మర్నాడు ఉదయం పట్టకారుతో చీటీ బయటికి తీశాను. కొత్తది రాసి వేశాను: దొరికిన చోటు, లోతు తెలియవు. రాస్తుంటే ఏడుపొచ్చింది.

"చీటీ పోగొట్టావా? నువ్వా?" అన్నాడు పెద్దసారు.

"పోయిందండీ."

సీసాని చేపల్ని కోసి చూడ్డం నేర్చుకునే పిల్లల గదిలోకి పంపించేశాడు.

సాయంత్రం అన్నయ్య ఫోను. "చెరిపేశావా?"

"ఆఁ."

"హమ్మయ్య! అయితే ఉద్యోగం ఖాయమేగా? మీ వదిన పొద్దున్నించీ ఒకటే అడుగుతోంది."

చీటీ నా పర్సులో ఉంది. తీసి చూశాను. ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

"ఖాయమే అన్నయ్యా," అన్నాను.