పిన్నిగారి టర్బో బండి

బండి అమ్మడం ఎంత కష్టమో లోకంలో చాలామందికి తెలుసు. అమ్మకానికి పెట్టిన బండిని అమ్ముడుపోకుండా కాపాడుకోవడం అంతకన్నా ఎంత కష్టమో పిన్నిగారికి ఒక్కరికే తెలుసు.

ఆ భవనంలో పిల్లల దగ్గర నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆవిడ పిన్నిగారే. రెండో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. భర్త పంపు మోటార్ల కంపెనీలో అమ్మకాల మనిషి. ఊరూరా తిరిగి మోటార్లు అమ్మగా అమ్మగా బండి రెండు లక్షల కిలోమీటర్లు దాటేసింది. కారుకు చిన్న పెట్రోలు ఇంజను, దానికి గాలి ఎక్కువ ఊదే టర్బో ఒకటి. "పిట్టకు ఏనుగు ఊపిరి పోశారు" అని మురిసిపోయేవారాయన. ఆ రెండు లక్షల్లో పిన్నిగారు ఎక్కి తిరిగినవి ఎన్నని అడిగితే చెప్పుకోవడానికి సిగ్గు. శనివారం సాయంత్రం వీధి మలుపులో ఆ టర్బో సన్నటి ఈల వినబడితే పొయ్యి మీద కాఫీకి పాలు పెట్టడం, సోమవారం పొద్దున్నే అదే ఈల దూరమైతే లోపలికొచ్చి తలుపేసుకోవడం. బండితో ఆవిడ బంధుత్వం అంతవరకే. నిరుడు ఆయన పోయారు. ఈల ఆగింది, బండి మిగిలింది.

"నువ్వు నడపవు, నడిపేవాళ్ళు లేరు. కింద ఇనప్పెట్టెలా పడుంది. అమ్మెయ్ వదినా" అని ఆడపడుచు పోరు పెట్టింది. పోరుతో ఆగక ఒకరోజు వచ్చి, నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసి, ఫోనులో ప్రకటన పెట్టేసి మరీ వెళ్ళింది. పిన్నిగారు సరేనంది. అప్పటికి ఆవిడకు నిజంగానే అమ్మే ఉద్దేశం ఉంది.

మొదటి ఆదివారం ఒక బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య, మెకానిక్ అయిన బావమరిది వచ్చారు. పిన్నిగారికి బానెట్ ఎలా తెరవాలో కూడా తెలియదు. బావమరిదే తెరిచి, తల దూర్చి, తీరిగ్గా బయటికొచ్చి చెప్పాడు. "అమ్మా, ఇలాంటి బండిని ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడెక్కాక అన్నీ బుద్ధిమంతుల్లాగే కూర్చుంటాయి." స్టార్టు చేస్తే వెనక నుంచి కాస్త నీలిపొగ వచ్చింది. అందరూ పైకొచ్చి కాఫీ తాగారు. పొగ గురించి ఒక కప్పు, బ్యాంకు మేనేజరు గురించి ఇంకో కప్పు. ఆలోచించుకుని చెబుతామని వెళ్ళిపోయారు. సింకులో నాలుగు కప్పులు మిగిలాయి. వాటిని కడగడానికి పిన్నిగారు ఆ రోజు తొందరపడలేదు.

రెండో ఆదివారం వచ్చిన లెక్కల మాస్టారికి ఆవిడ గుమ్మంలోనే చెప్పింది. "ఇంజను చల్లగా ఉంది, ఇప్పుడే చూడండి. నీలిపొగ వస్తుంది మరి." మాస్టారు ముచ్చటపడి, తనకు తెలిసింది తానూ చెప్పాడు. దూరం నుంచి వచ్చాక ఇంజను వెంటనే ఆపెయ్యకూడదు, కాసేపు అలా ఉండనివ్వాలి, లేకపోతే టర్బో కాలిపోతుంది. ఆ ముక్క మూడో ఆదివారం వాళ్ళకు వెళ్ళింది. వాళ్ళు ఆయిల్ తాగుడు గురించి చెప్పారు. ఆ తర్వాతాయన ఇంజను లోపలి గొలుసు చప్పుడు వినిపించాడు. ఒకరు వండింది ఇంకొకరికి వడ్డించడమే గనక, పిన్నిగారు రెండు నెలలు తిరిగేసరికి ఆచార్యులైపోయింది. బండి లోపాలన్నీ వరసగా, కంఠతా వచ్చినట్టు అప్పజెప్పేది. "మీలాంటి నిజాయితీపరులు ఈ రోజుల్లో ఎక్కడున్నారమ్మా" అని మెచ్చుకుని, కాఫీ తాగి, బండి కొనకుండా వెళ్ళిపోయేవారు.

ఆ నిజాయితీ వెనక కిటుకు పిన్నిగారికి మాత్రమే తెలుసు. బండి పోయిందంటే ఆదివారం ఈ మెట్లు ఎవరూ ఎక్కరు.

ఇంకో కిటుకు కూడా ఉంది. నడిపి చూస్తామంటే, "ఎత్తు ఎక్కితే గానీ టర్బో పలకదండీ" అని ఊరి చివర జలాశయం గట్టు దాకా తీసుకెళ్ళేది. పక్క సీట్లో తాను. గట్టు ఎక్కుతుంటే ఈల మొదలయ్యేది. లోపల కూర్చుని వింటే ఆ ఈల దగ్గరికీ రాదు, దూరమూ పోదు. అక్కడే ఉంటుంది. ఆ సంగతి ఇంతకాలం ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

"ఇంకా పోలేదా బండి?" అని ఆడపడుచు ఫోను.

"వచ్చి చూస్తున్నారు వదినా."

"చూసిపోవడానికి అదేమన్నా సినిమానా?"

"సినిమా అయితే టిక్కెట్టు పెట్టేదాన్ని వదినా."

ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేసే ఒకమ్మాయి మాత్రం ఆదివారం రాలేదు. మామూలు రోజు, మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా వచ్చింది. భుజాన సంచి, కాళ్ళకు దుమ్ము.

"పిన్నిగారంటే మీరేనా? వాచ్‌మన్ అలాగే చెప్పాడు."

"నేనేనమ్మా. నీతో బండి తెలిసినవాళ్ళు ఎవరూ రాలేదా?"

"నడిపేది నేనే కదండీ."

పిన్నిగారు గొంతు సవరించుకుంది. "పొద్దున్నే నీలిపొగ వస్తుందమ్మా."

"ఎంతసేపు?"

ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేయలేదు. "కాసేపు" అంది ఆవిడ, కొంచెం తడబడి.

"కాసేపే కదా."

"ఆయిల్ కూడా తాగుతుంది."

"డిక్కీలో డబ్బా పెట్టుకుంటా."

"దూరం నుంచి వచ్చి వెంటనే ఆపకూడదు. పరిగెత్తుకొచ్చినవాణ్ణి గబుక్కున పడుకోబెట్టకూడదు చూడు, అలాగ."

"మా పేషెంట్లకూ అదే చెప్తానండీ."

"గొలుసు చప్పుడుంది. వెనక ఎడమ తలుపు ఓ పట్టాన పడదు. ఇంత తిరిగిన పెట్రోలు టర్బో కొనడమంటే..."

"పిన్నిగారూ" అంది అమ్మాయి నవ్వుతూ, "మీరు బండి అమ్ముతున్నారా, నన్ను బెదిరిస్తున్నారా?"

ఆచార్యులకు మొదటిసారి ఎదురుదెబ్బ. ఇక మిగిలింది గట్టు. ఎత్తు ఎక్కితే గానీ టర్బో పలకదని మొదలుపెట్టేలోపే అమ్మాయి గడియారం చూసుకుంది.

"అంత దూరం కుదరదండీ. నాలుగింటికి ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాలి. మీరూ రండి, అదే నడిపి చూసినట్టుంటుంది. ఎత్తు కావాలంటే దారిలో ఫ్లైఓవర్ ఉంది."

ఫ్లైఓవర్ మీద టర్బో పలికింది. కానీ ఫ్లైఓవర్ ఎంత పొడవుంటుంది, రెండు మాటలకే దిగిపోయారు.

పెద్దాయన ఇల్లు ఒక సందు చివర. అరుగు పొడవునా గోడకు స్టీలు కమ్మీ బిగించారు. అమ్మాయి పిన్నిగారిని బండిలోనే కూర్చోమని లోపలికెళ్ళింది. గేటు తీసే ఉంది. పెద్దాయన అప్పటికే బయట నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెన గీతలు, ఇంట్లో ఉన్నా కాళ్ళకు బూట్లు. రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసులూ రెండే.

ఆయన కమ్మీ పట్టుకుని, మూలుగుతూ, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. అమ్మాయి పక్కనే నడిచింది. ఇంతలో ఆమెకు ఫోను వస్తే అటు తిరిగింది. పెద్దాయన కమ్మీ వదిలేశాడు. చకచకా అరుగు దిగి, కుండీలో ఎండిన ఆకు ఒకటి వంగి తుంపి, అంతే చులాగ్గా అరుగెక్కి, అమ్మాయి ఇటు తిరిగేసరికి రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఆయాసపడ్డాడు.

పిన్నిగారికి నవ్వొచ్చింది. పాము కాళ్ళు పాముకే తెలుస్తాయి మరి.

"ఈ కుడి మోకాలు ఇవాళ మొరాయిస్తోందమ్మా" అంటున్నాడు పెద్దాయన. "నడుం కూడా పట్టేస్తోంది. మడమ దగ్గర ఏదో చప్పుడు. ఇంకో రెండు వారాలు పట్టేట్టుంది."

ఒకటొకటిగా లోపాలు. వరస తప్పకుండా, కంఠతా వచ్చినట్టు. ఆ గొంతు పిన్నిగారికి బాగా తెలిసిన గొంతే. ఆవిడ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అమ్మాయి సెలవు తీసుకుంటే ఆయన గేటు దాకా వచ్చి, బండిని చూసి, బండిలో ఉన్నావిడను చూసి, ఎవరో ఏమిటో తెలియకుండానే దండం పెట్టాడు. ఈవిడా పెట్టింది. ఇంతకన్నా దగ్గరి పరిచయం ఇద్దరికీ అవసరం లేదనిపించింది.

సందు మలుపు తిరిగాక పిన్నిగారు నోరు విప్పింది. "ఆయనకు నడక వచ్చేసిందమ్మా."

"తెలుసండీ. పోయిన నెలే వచ్చేసింది."

"మరి నువ్వు..."

"మానేస్తే ఎలా ఉంటారో అని వెళ్తున్నా. కాకపోతే ఇటు వచ్చిన రోజు ఏటి అవతల ఒకావిడ దగ్గరికి వెళ్ళలేను. బస్సు కుదరదు. ఆవిడ ఇంకా మంచమే దిగలేదు."

"ఎవరున్నారు ఆవిడకి?"

"ఎవరూ లేరండీ."

అమ్మాయి ఫిర్యాదుగా అనలేదు, గేరు మార్చినట్టు అనేసింది. భవనం దగ్గరికొచ్చాక బండి నిలిపింది గానీ ఇంజను ఆపలేదు. చెప్పిన మాట విని, కాసేపు అలాగే ఉండనిచ్చింది. ఇద్దరూ ముందు అద్దంలోంచి గోడను చూస్తూ కూర్చున్నారు.

"ఆ పొగ ఉంది చూశావూ" అంది పిన్నిగారు చివరికి. "బండి రోజుల తరబడి కదలకుండా పడుంటేనే వస్తుందట. రోజూ తిప్పితే రాదట."

అదీ ఒక ఆదివారం ఎవరో చెప్పిందే. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ముక్క మాత్రం ఆవిడ ఎవరికీ వడ్డించలేదు.

ఆ వారంలోనే కాగితాలు మారాయి. అమ్మాయి బండి తీసుకెళ్ళే పొద్దున పిన్నిగారు కిందికి దిగలేదు. ఈల దూరమయ్యేదాకా కిటికీ దగ్గర నిలబడి, అలవాటు చొప్పున తలుపు వేయబోతే తలుపు వేసే ఉంది.

"హమ్మయ్య, ఒక పనైపోయింది వదినా" అంది ఆడపడుచు.

"అయిపోయింది వదినా."

ఆదివారం వచ్చింది. పిన్నిగారు మంచి చీర కట్టుకుంది. ఎందుకు కట్టుకున్నావని అడిగేవాళ్ళు లేరు గనక కారణం వెతుక్కునే పని తప్పింది. పదకొండింటికి ఫోను మోగింది. ఎవరో మగమనిషి.

"కారు ఉందాండీ? ప్రకటన చూశాను."

ఉందండీ రండి అనడానికి నాలుక లేచింది. వచ్చాక చూసుకోవచ్చు, కాఫీ ఎలాగూ ఉంటుంది. కానీ పాపం, ఆయన ఎంత దూరం నుంచి రావాలో.

"అమ్మేశానండీ" అంది. అవతల ఆయన "ఓహో" అన్నాడు. ఆ ఓహో చల్లారకముందే ఆవిడ అందుకుంది. "అయినా మీరు వేరేది చూస్తారు కదా, ఒక్క మాట. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. వేడెక్కాక అన్నీ బుద్ధిమంతుల్లాగే కూర్చుంటాయి. పొగ వస్తే భయపడకండి, ఎన్నాళ్ళు కదలకుండా ఉందో అడగండి. ఆయిల్ గురించి అడగండి. వాళ్ళే మీకు లోపాలు చెబుతుంటే..."

ఊ కొట్టడం వినబడక ఫోను చెవి దగ్గర నుంచి తీసి చూసుకుంది. ఆయన ఎప్పుడో పెట్టేశాడు. పొగ దగ్గరో, ఆయిల్ దగ్గరో, లేక అమ్మేశానన్నప్పుడే కావచ్చు.

మొదలుపెట్టిన విషయాన్ని మధ్యలో వదిలెయ్యడం పిన్నిగారికి అలవాటు లేదు. ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుని, కుర్చీ కిటికీ వైపు లాక్కుని, గొలుసు చప్పుడు దగ్గర నుంచి టర్బో చల్లారే దాకా నిదానంగా, ఒక్కటీ వదలకుండా చెప్పింది.