వేళ్ళు మునిగేంత పచ్చిక

"గడ్డి పెంచడం కూడా చేతకాకపోతే ఎలా?" అన్నారు మా ఆయన, వరండాలో కాఫీ కప్పుతో నిలబడి. అప్పటికి అరగంట నుంచీ నేను పైపు పట్టుకుని ఉన్నాను. బట్టలు మోకాళ్ళ దాకా తడిసి కాళ్ళకి అతుక్కుపోతున్నాయి. స్టవ్ మీద పాలు పెట్టి వచ్చాను, ఒక చెవి అటే ఉంది.

కొత్తింట్లోకి వచ్చినప్పుడు ముందున్న ఖాళీ స్థలంలో లాన్ ఉండాలన్నది ఆయన ముచ్చట. నర్సరీ వాళ్ళు తివాచీ ముక్కల్లా గడ్డి తెచ్చి పరిచి వెళ్ళారు. మూడు నెలలు తిరక్కుండానే అది పలచబడి అక్కడక్కడా నెత్తి కనపడసాగింది. ఆ పోలిక నాలోనే దాచుకున్నాను. ఆ మధ్య ఆయనకి జుట్టు విషయంలో పట్టింపు ఎక్కువైంది.

ముచ్చట ఆయనది, చాకిరీ నాది. ఆయన ఫోనులో చదివి చెప్పేవారు, నేను చేసేదాన్ని. రోజూ కాస్త కాస్త నీళ్ళు చల్లమన్నారు, చల్లాను. బాగా పొట్టిగా కోసేస్తే మళ్ళీ నెల దాకా చూడక్కర్లేదన్నారు, మిషన్ బ్లేడు అడుగుదాకా దించి కోశాను. గడ్డి పసుపు రంగుకి తిరిగింది. "నీ చేతి మహిమ" అన్నారు.

ఇంతకీ నా ఉద్యోగం మట్టితోనే. భూసార పరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిని ఆరబెట్టి, జల్లించి, కరిగించి, అందులో ఏముందో ఏం లేదో తేల్చేది నేను. కింద సంతకం పెట్టేది మా సార్. రైతులు నా బల్ల ముందే నిలబడి "సార్ ఎక్కడమ్మా?" అని అడుగుతారు. ఒకసారి మా ఆయన స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు లాన్ మాట వచ్చింది. "ల్యాబులో ఈవిడ చేత గాజు గ్లాసులు కడిగిస్తున్నట్టున్నారు, లేకపోతే మన గడ్డి ఇలా ఎందుకుంటుంది?" అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్ళాక కూడా నా మొహం మీద ఆ నవ్వు అలాగే ఉందని కిటికీ అద్దంలో చూసుకుని తెలుసుకున్నాను. ఆయన అన్న మాటకంటే నా నవ్వే నన్ను ఎక్కువ రోజులు బాధపెట్టింది.

ఆ సోమవారం మా లాన్ మట్టి ఐదు చోట్ల నుంచి తీసి, ఒక కవర్లో వేసి, పేరు రాయకుండా ల్యాబుకి తీసుకెళ్ళాను. ఫలితం చూసిన సార్ కళ్ళజోడు పైకి తోసుకుని "ఇదెవరి నేలండీ పాపం, ఇటుకబట్టీలో తీశారా?" అన్నారు. ఎవరిదో తెలీదన్నాను. సున్నమూ సిమెంటూ కలిసి క్షారం ఎక్కువైపోయింది. సారమన్నది లేనట్టే. ఇల్లు కట్టినవాళ్ళు మిగిలిన చెత్తంతా అక్కడే పరిచి, పైన నాలుగు వేళ్ళ మట్టి పోసి చేతులు దులుపుకున్నారన్నమాట. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ కిటికీ పక్క సీట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను. బాధతో కాదు. అన్నాళ్ళూ తప్పు నాదేననుకున్నాను.

అదృష్టం కొద్దీ ఆఫీసు పని మీద ఆయన రెండు వారాలు ఊరెళ్ళారు. బ్లేడు పైకెత్తాను. గడ్డిని చూపుడువేలంత ఎత్తున వదిలేసి, ఎప్పుడు కోసినా పైన మూడో వంతే తీశాను. ఆకు ఎంత ఉంటే వేరు అంత లోతుకి పోతుంది. రోజూ చిలకరించడం మానేసి, వారానికి రెండుసార్లు తెల్లారుతుండగానే నేల జానెడు లోతు తడిసేలా పెట్టాను. నాలుగు పళ్ళ ఇనప ఫోర్కుతో నేలంతా పొడిచాను. గట్టిపడ్డ నేలలో గాలి వెళ్ళడానికి దారులు కావాలి. ఆ కన్నాల్లోకి జల్లించిన కంపోస్టు తోశాను, పలచగా ఉన్న చోటల్లా కొత్త విత్తనాలు చల్లాను. సిమెంటు పెళ్ళలు మూడు బకెట్లు బయటపడ్డాయి. వరండాలోంచి అంతా చూస్తున్న మా అత్తయ్య "అంత సేవ మనుషులకి చేస్తే పుణ్యమైనా వచ్చేది" అన్నారు. మనుషులకి ఇంకా ఎంత చెయ్యాలత్తయ్యా అని నోటి చివరి దాకా వచ్చింది. మింగేశాను.

ఊరి నుంచి వచ్చి ఆయన మొహం చిట్లించారు. గడ్డి ఏపుగా పెరిగి అడవిలా ఉందన్నారు. మిషన్ పాడైంది, రిపేరుకి ఇవ్వాలని అబద్ధం చెప్పాను. ఇంట్లో ఒక చిన్న విషయం నా ఇష్టప్రకారం జరగాలన్నా అబద్ధమే దారి.

వానలు వచ్చి వెళ్ళేసరికి గడ్డి చిక్కబడింది. అడుగు వేస్తే వేళ్ళు మునిగిపోయేవి. కలుపు మొలవడానికి కూడా సందు లేదు. పొద్దున్నే అందరూ లేవకముందు పది నిమిషాలు చెప్పుల్లేకుండా అందులో నడిచేదాన్ని. నా బాక్సేదీ, నా కర్చీఫేదీ, మాత్ర ఇచ్చావా, నీళ్ళు కాగాయా అని ఎవరూ అడగని పది నిమిషాలు. అక్కడ నేను ఎవరి భార్యనీ కాదు, ఎవరి కోడల్నీ కాదు. పెళ్ళికి ముందు తరచూ ఒక పాట కూనిరాగం తీసేదాన్నని ఒకరోజు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. మళ్ళీ స్నేహితులు వచ్చారు. "ఏడాది పాటు దీని వెనకే పడ్డాను" అని మా ఆయన వాళ్ళని లాన్ అంతా తిప్పి చూపించారు. ఈసారి నేను నవ్వలేదు. టీ ఇచ్చి లోపలికి వచ్చేశాను.

ఆ తర్వాత పెద్ద కారు కొన్నారు. పాత షెడ్డులో అది పట్టలేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర, "గురువారం మేస్త్రీ వస్తాడు. ముందున్నదంతా తవ్వించి సిమెంటు చేయిద్దాం. నీకు నాలుగు కుండీలు కొనిస్తాలే" అన్నారు. కూర ఇంకాస్త వేసుకుంటారా అని అడిగాను.

మూడు రోజులు నన్ను నేను తరచి చూసుకున్నాను. ఇంతకీ దేనికి భయం? ఆయన చెయ్యెత్తే మనిషి కాదు, గొంతు కూడా పెంచరు. మాట్లాడటం మానేస్తారంతే. తలుపు మెల్లగా వేస్తారు, పళ్ళెం దగ్గరికి రారు, మన పక్కనుంచే గోడ పక్కనుంచి వెళ్ళినట్టు వెళ్తారు. ఆ మౌనం పడలేకే పై చదువు వదులుకున్నాను, నచ్చని రంగు గోడల మధ్య బతికాను, చెల్లెలి ఆపరేషన్‌కి ఒక్కరోజు ఉండి వచ్చేశాను. పద్దెనిమిదేళ్ళుగా నోరు తెరిచే ముందు ఆయన మొహంలో వాతావరణం చూసుకోవడం అలవాటైపోయింది.

గురువారం పొద్దున్నే మేస్త్రీ ఇద్దరు కూలీలతో వచ్చాడు. ఎక్కడి నుంచి తవ్వాలో మా ఆయన చెయ్యి చాపి చూపిస్తున్నారు. నేను ల్యాబుకి తయారై, భుజానికి సంచీ తగిలించుకుని ఉన్నాను. నడుచుకుంటూ వెళ్ళి గడ్డి మధ్యలో నిలబడ్డాను.

"మేస్త్రీ గారూ, ఇవాళ పనేం లేదు. ఊరికే రప్పించామని ఏమీ అనుకోకండి."

ఆయన నా వైపు తిరిగారు. "అదేంటి?"

"దీన్ని తవ్వనివ్వను."

"కారణం చెప్పు."

కారణాలు నా దగ్గర బోలెడున్నాయి. కానీ చెప్పడం మొదలుపెడితే ఒక్కొక్కదాన్నీ ఆయన తీసిపారేస్తారని తెలుసు. "నాకిష్టం లేదు" అన్నాను. ల్యాబులో పక్కవాళ్ళకి రీడింగు చదివి చెప్పే గొంతు అది.

మేస్త్రీ మా ఇద్దరి వంకా చూసి, "మీరూ మీరూ మాట్లాడుకుని చెప్పండమ్మా" అన్నాడు.

"ఇంకా మాట్లాడుకునేదేముంది, చెప్పింది కదా" అన్న మాట వరండాలోంచి వినిపించింది. అత్తయ్య. మా ఆయన తల్లి వైపు చూశారు, నా వైపు చూశారు, లోపలికెళ్ళి తలుపు మెల్లగా వేసుకున్నారు.

నా బస్సు వచ్చింది. ఎక్కాను. ఆ పూట ల్యాబులో ఏదో కూలిపోతుందని ఎదురుచూస్తూనే పనిచేశాను. ఫోను మోగలేదు. మధ్యాహ్నానికి చచ్చేంత ఆకలేసింది. బాక్సంతా ఊడ్చిపెట్టుకుని తిన్నాను, పక్కావిడ బాక్సులోదీ కాస్త తిన్నాను. రెండు రోజులు ఆయన మాట్లాడలేదు. విచిత్రం, ఆ రెండు రోజులూ ఇల్లు నాకు సుఖంగా అనిపించింది. మూడో రోజు సాక్సులు ఎక్కడున్నాయని అడిగారు. పై సొరుగులో అన్నాను, కూర్చున్న చోటు నుంచే. పెద్ద కారు ఇప్పుడు గేటు బయట, గోడ పక్కన ఉంటోంది. అక్కడ దానికి వచ్చిన లోటేమీ లేదు.

ఆదివారం ఎండ ఇంకా ముదరలేదు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగి, మొదటిసారిగా ఆ గడ్డిలో కూర్చున్నారు. అరచేత్తో దాన్ని అటూ ఇటూ నిమిరారు.

"నా కుట్టుమిషన్ని మీ మామగారు అమ్మేసి బండెక్కించిన రోజు నేనూ ఇలా అడ్డం నిలబడాల్సింది" అన్నారు, నా వైపు చూడకుండా.

ఆవిడకి కుట్టు వచ్చని నాకు తెలీదు. ఏం కుట్టేవారత్తయ్యా అని అడిగాను. స్కూలు పిల్లల యూనిఫారాలు, ఇరుగు పొరుగు జాకెట్లు, ఒకసారి నాటకాల కంపెనీకి రాజుగారి అంగీ. చెబుతూ చెబుతూ ఆవిడ చేతులు గాలిలోనే బట్ట మడిచి, సూది కిందికి తోస్తున్నాయి.

లోపల్నుంచి మా ఆయన పిలిచారు. కాసేపాగి మళ్ళీ పిలిచారు. ఇద్దరికీ వినిపించింది, ఇద్దరమూ లేవలేదు. "కాలరు కుట్టడమే కష్టం" అంటున్నారు అత్తయ్య. మూడో పిలుపు రాలేదు. కొంతసేపటికి వంటింట్లో ఆయన గిన్నెలు వెతుక్కుంటున్న చప్పుడు వినపడింది.