పాలపిట్ట రంగు కార్డు

పెళ్లి కార్డు చేతికందితే ఎవరైనా ముందు ముహూర్తం చూస్తారు, ఆ తరువాత విందు ఎక్కడో చూస్తారు. సరోజన మాత్రం అట్ట చూసేది. గోరుతో అంచు గీకేది, వెలుతురుకు ఎత్తి పట్టేది, మడత విప్పి మళ్లీ వేసేది. పెళ్లికొడుకు పేరేమిటని అడిగితే నీళ్లు నమిలేది గాని, ఆ రంగు ఏ ఏడు బజారుకు వచ్చిందో తడుముకోకుండా చెప్పేది.

జనగామలో కాపురం పెట్టిన నాటి నుంచీ ఇంటికి వచ్చిన ప్రతి కార్డునూ ఆమె ఏడాది వారీగా దాచిపెట్టింది. అరవై తొమ్మిదిలో జై తెలంగాణ గొడవలకు బజారు సగం రోజులు మూసే ఉండేది గనుక, ఆ ఏటి పెళ్లిళ్లన్నీ పోస్టుకార్డుల మీద ఎర్ర సిరాతో వచ్చాయి. డెబ్బై మూడులో పసుపు అట్ట, డెబ్బై ఏడులో గులాబీ మడత కార్డు, ఎనభైలో బంగారు పొడి చల్లిన వినాయకుడు. అవన్నీ వరుసగా పరుచుకుని కూర్చుంటే వచ్చే ఏడు ఏది వస్తుందో ఆమెకు తెలిసిపోయేది. రంగు ముందు గాజుల మీదికి వస్తుంది, మరుసటేడు చీరల మీదికి ఎక్కుతుంది, మూడో ఏట గాని కార్డు మీదికి దిగదు. ఇది ఎవరూ చెప్పింది కాదు, ఆమె కనిపెట్టుకున్న లెక్క.

ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. తప్పకపోతే ఏం లాభం? బంగారు పొడి వస్తుందని ఆమె రెండేళ్ల ముందే చెబితే అందరూ నవ్వారు. తీరా వచ్చాక ఆ నవ్విన వాళ్లే తెచ్చి, "చూడు సరోజనా, గిది కొత్త ఫ్యాషన్" అని ఆమెకే చూపించారు. ఒళ్లు మండిపోయేది. మొగుడు రఘునాథ్ సమితి ఆఫీసులో గుమస్తా, మనిషి చెడ్డవాడేం కాదు. కానీ ఆమె రంగుల మాట ఎత్తితే చాలు, పేపరు అడ్డం పెట్టుకునేవాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

ఎనభై నాలుగులో, దసరా వెళ్లిన వారానికి, జఫర్‌గఢ్ నుంచి భూపాల్ వచ్చాడు. రఘునాథ్‌కు పెదనాన్న కొడుకు, సరోజనకు బావ వరస. భూములున్నవాడు, రాజకీయాల్లో తిరిగేవాడు, ఊరికే ఎవరింటికీ వచ్చేవాడు కాదు.

"పెద్దోని లగ్గం పెట్టుకున్నం సరోజనా, మాఘంల. కార్డు ఎట్లుండాలంటే, గీ ఇలాఖల ఎవ్వడు పంచలేదనాలె. నీకు కార్డుల పిచ్చుందంటరు గద, నువ్వే చెయ్యాలె," అన్నాడు.

పదిహేనేళ్లలో కార్డు గురించి ఆమెను ఒకరు అడగడం అదే మొదలు. చాయ్‌లో చక్కెర వేయడం కూడా మరిచిపోయింది.

మరుసటి ఆదివారం అట్ట ముక్కలన్నీ సంచిలో వేసుకుని జఫర్‌గఢ్ వెళ్లింది. వెళ్లాక తెలిసింది, తనను పిలిచింది కార్డు చేయడానికేగాని రంగు ఎంచడానికి కాదని. రంగు ఎంచడానికి ఆ ఇంట్లో చాలామందే ఉన్నారు.

"పసుపు పచ్చది వద్దే వద్దు," అన్నాడు భూపాల్. "ఎలక్షన్లు నెత్తి మీదున్నయి. పచ్చ కార్డు పంచితే భూపాల్ గా పార్టీల కలిసిండంటరు."

కొడుకు పెళ్లికి పసుపు పనికిరాని రోజులు వచ్చాయి. సరోజన ఎర్రది తీసింది.

"ఎర్రది పంచితే పోలీసోళ్లొచ్చి ఎవలిచ్చిండ్రని అడుగుతరు. తీసెయ్."

భూపాల్ భార్య అరుంధతికి దూరం నుంచే మెరిసేది కావాలి. పెళ్లికొడుకుకు పట్నంలో స్నేహితుడి పెళ్లికి చూసిన గుండె బొమ్మ కావాలి. భూపాల్ తల్లి తెల్ల అట్ట చూసి చెంపలు వేసుకుంది. నీలం చూసి, "గది నలుపుకు తమ్ముడు. లగ్గానికి తెచ్చేదేనా?" అంది. తీసిన ముక్కలన్నీ పక్కకు పోయి, ఆఖరుకు ఎప్పటి గులాబీ ఒక్కటే చాప మీద మిగిలింది. ఈ మాత్రం దానికి తనను పిలవడమెందుకు, రాజమల్లు ప్రెస్సులో చెబితే పోయేదిగా అనుకుంటుంటే సరోజనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అత్తమ్మా, దసరా నాడు పాలపిట్ట కనవడంది మీరు ఇంటికి రారు గదా. చెల్కలల్ల పడి తిరిగి తిరిగి, కనవడంగనే దండం పెడ్తరు. దాని రెక్క ఏం రంగు? గది అపశకునమైతె దండమెందుకు పెట్టాలె?"

ముసలావిడ నీలం ముక్కను మళ్లీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"పాలపిట్ట రంగంటే సరే. నీలమని మాత్రం అనకుర్రి," అంది.

దాంతో సరోజన మనసులో రెండేళ్లుగా నానుతున్న కార్డు వాళ్ల ముందు పెట్టింది. పైన మీగడ రంగు అట్ట. రెండు తలుపు రెక్కల్లా మధ్యకు తెరుచుకోవాలి. రెక్కల మీద సన్నని జాలీ కోత, దాంట్లోంచి లోపలి పాలపిట్ట రంగు తొంగి చూడాలి. తెరిస్తే ఆ రంగు మధ్యలో అక్షరాల కాగితం. మెరుపు లేదు, పొడి లేదు. "ఇంక రెండేండ్లకు అందరు గిదే అడుగుతరు బావా. మెరిసేటియి పోతయి, కోసినయి వస్తయి," అంది.

భూపాల్ ఒప్పుకున్నాడు. "మంచియి నూటయాభై చెయ్యి. మిగిలినయి రాజమల్లు దగ్గర గులాబీ మామూలుయి కొట్టిద్దాం," అన్నాడు. అది కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. పెద్దవాళ్లకు ఒక కార్డు, మిగతా జనానికి ఒక కార్డు, కాస్త ఉన్న ఇళ్లలో అప్పటికే రెండు రకాలు వేయడం మొదలైంది. ఏ కార్డు వచ్చిందో చూసుకుని, ఆ ఇంట్లో తన విలువెంతో మనిషి తెలుసుకునేవాడు.

నెలన్నర పట్టింది. దవాఖానలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి జాలీకి అచ్చు కోసుకుంది. సగం విరిచిన బ్లేడుతో ఒక్కో రెక్కా కోసింది. మైదా గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి ఉడికించి, అంటించి, పరుపు కింద పెట్టి ఆరబెట్టింది. ఆ పరుపు మీద పడుకునే రఘునాథ్ నడుం నొప్పని సణిగాడు. ఆమె బొటనవేలికి మూడుచోట్ల తెగింది. అక్షరాల కాగితం అచ్చువేసిన రాజమల్లు పూర్తయిన కార్డును తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. పొగిడే అలవాటు లేని మనిషి.

"అక్కా, గిసోంటి కార్డు నా చేతులకెల్లి ఎన్నడు పోలే," అన్నాడు.

నూటయాభై అయ్యాయి. ఒకటి తన దగ్గర పెట్టుకుంటే అడిగేవాడు లేడు. కానీ సరోజన పెట్టుకోలేదు. తనంతట తాను దాచుకుంటే అది అట్ట ముక్క. నాలుగు మూలలా పసుపు రాసి, గడప దగ్గర నిలబడి, బొట్టు పెట్టి చేతిలో పెడితేనే కార్డు. తన చేతి పని తన ఇంటికి మర్యాదగా నడిచి రావాలని ఆమెకు ఆశ. ఇన్నేళ్లలో ఆమె కోరుకున్నది అదొక్కటే, అది కూడా పైకి చెప్పలేదు. నూటయాభై లెక్క చూసి మూటగట్టి జఫర్‌గఢ్ పంపించింది. పేర్లు రాసే పని, చేతిరాత బాగుంటుందని, రఘునాథ్‌కు అప్పజెప్పారు. అతను రెండు ఆదివారాలు అక్కడే కూర్చుని రాసి వచ్చాడు.

పంపకాలు మొదలైన వారానికి, పక్క వీధిలో ఉండే బీడీఓ భార్య సరోజనను ఇంట్లోకి పిలిచింది. గుంటూరు వైపు మనిషి.

"రండి రండి, ఇది చూశారా? మీ బంధువులదేగా. ఎంత బాగుందో! హైదరాబాద్‌లో చేయించారట."

సరోజన తన కార్డు వంక చూసింది. జాలీ చక్కగా నిలబడింది, రెక్కలు వంకర పోలేదు. "పట్నంల కాదండి. గది నేనే చేసిన," అంది.

"భలేవారండీ!" బీడీఓ భార్య పకపకా నవ్వింది. "మీ భూపాల్ గారే మా వారితో చెప్పారు. ఆబిడ్స్‌లో ఎవరో స్పెషల్‌గా చేశారని. అయినా మీ వైపు ఇలాంటివి ఎక్కడ చేస్తారులెండి."

బొటనవేలి మీద గాట్లు ఇంకా మానలేదు. చూపిద్దామని చెయ్యి సగం ఎత్తి, మళ్లీ కొంగులో చుట్టుకుంది. చూపించినా కూరలు తరుగుతుంటే తెగిందంటుంది. సొమ్మొకడిది సోకొకడిది అని తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది. రాత్రి రఘునాథ్‌తో చెబితే, "అన్న పెద్దోళ్లల్ల తిరిగెటోడు, పట్నమంటె జర ఇజ్జత్ ఉంటది గదా," అన్నాడు. పోనీ, పేరు వాళ్లే ఉంచుకోనీ అని ఆమె దిగమింగుకుంది. కార్డు రావలసి ఉంది కదా.

పెళ్లి ఇంకా ఎనిమిది రోజులుందనగా, ఆదివారం పొద్దున, అరుంధతి పిలుపుకు వచ్చింది. సరోజన పట్టుచీర కట్టుకుంది. తోడికోడలు వరస యారాలు ఇంటికి వస్తే పట్టుచీరేమిటని రఘునాథ్ వింతగా చూశాడు. గడప దగ్గర నిలబెట్టి అరుంధతి బొట్టు పెట్టింది, గంధం రాసింది, బుట్టలోంచి కార్డు తీసి చేతిలో పెట్టింది.

గులాబీ రంగు. ఒక్క మడత. మామూలుది.

అరుంధతి పొరపాటున వేరే కట్ట తెచ్చిందనుకుంది సరోజన. పైన పేరు చూసింది. శ్రీ రఘునాథ్ దంపతులకు అని ఉంది, అది రఘునాథ్ రాతే.

"అక్కా, గిది మారినట్టున్నది," అంది.

అరుంధతి మరిది వైపు చూసింది. రఘునాథ్ పేపరు మీంచి తలెత్తాడు. "మారలే. నేనే రాసిన. మంచియి తక్కువ పడ్డయి. ఎమ్మెల్యే మనుషులున్నరు, బ్యాంకోళ్లున్నరు, తాసిల్దారున్నడు. మనం ఇంటోళ్లమే గదా, మనకెందుకు మంచిది? మన పేరు కొట్టేసి గులాబీల వేసిన."

ఎవరో పరాయివాడు కొట్టేసి ఉంటే సరోజన తిట్టి కడుపు చల్లార్చుకునేది.

"గంత మొకం పెడ్తివేంది?" అన్నాడు రఘునాథ్. "నువ్వు చేసినయే గదా. నీకు కొత్తనా అయి?"

అరుంధతికి పరిస్థితి అర్థమైంది. సర్దిచెప్పబోయి ఇంకో పని ముందు పెట్టింది. "అయిందేదో అయింది గని సరోజనా, వచ్చే ఏడు చిన్నోని లగ్గం గూడ చేద్దామనుకుంటున్నం. అప్పటికి ఏ రంగు వస్తది? ఇప్పట్నుంచే జర సోంచాయించు."

సరోజనకు తెలుసు. ఉల్లిపొర రంగు వస్తుంది, దానికి ముదురు వంగపండు రంగు అంచు. కిందటేడే గాజుల దుకాణంలో దిగింది. తెరిస్తే విచ్చుకునే మడతలు వస్తాయి, వాటిని ఎలా కోయాలో కూడా అప్పటికే రెండు పాత క్యాలెండర్లు పాడుచేసి నేర్చుకుంది. అదంతా నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్ని అవమానాలు జరిగినా రంగు గురించి అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషి.

"గులాబీ వస్తదక్కా," అంది.

"గులాబా? గది పాతదైపాయె గదా?"

"పాతదే మర్లి వస్తది. గీ గులాబే, గీ ఒక్క మడతే. పెద్దోళ్లకు ఒకటి, ఇంటోళ్లకు ఒకటి అనుడు పోతది. అందరికి ఒక్కటే పంచుతరు. పట్నంల గదే ఫ్యాషనైతది చూడు."

ఎప్పటిలాగే తడుముకోకుండా చెప్పింది. అరుంధతికి నమ్మకం చాలక మరిదిని అడిగింది. "నిజమేనా రఘునాథ్? గులాబీ ఏస్తె నలుగురు నవ్వరు గద?"

రఘునాథ్ పేపరు పక్కన పెట్టాడు. "వదినా, రంగుల కాడ సరోజన మాట ఎన్నడు తప్పలే. డెబ్బై అయిదులనే అన్నది, గులాబీ మడత కార్డులు వస్తయని. రెండేండ్లకు వచ్చినయి. బంగారు పొడి అన్నది, వచ్చింది. నేను చూస్తనే ఉన్న గదా. కండ్లు మూసుకొని ఏసుకోండ్రి."

అన్నీ గుర్తున్నాయన్నమాట. పేపరు చాటున కూర్చుని ప్రతి మాటా విన్నాడు, ఏడుతో సహా గుర్తుపెట్టుకున్నాడు. పదిహేనేళ్లుగా ఈ ఒక్క మాట కోసమే ఆమె ఎదురుచూసింది. తీరా అతను నోరు విప్పి అన్నది, ఆమె రంగు గురించి మొదటిసారి అబద్ధం చెప్పిన రోజున.

"అయితె గులాబే ఖాయం," అంటూ అరుంధతి బుట్ట అందుకుంది. ఇంకా పది ఇళ్లకు వెళ్లాలంది. సరోజన గేటు దాకా వెళ్లి సాగనంపింది.