మోకు జారిన ముక్క

నేను ఒక ముక్కను. పేకముక్కను కాదు, పేకలో నాకు చోటు లేదు. పెళ్లిపత్రికలు అచ్చువేసే జావీద్ ప్రెస్సులో కత్తిరించి పారేసిన అట్ట నాది. వెనకవైపు ఎవరి పెళ్లిదో బంగారు రంగు అంచు ఇంకా ఉంది. ముందువైపు భిక్షపతి నల్లపెన్నుతో తాటిచెట్టు గీశాడు. చెట్టు మొదట్లో ఒక మోకు గీశాడు. మోకంటే కల్లుగీసేవాడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. మనిషిని గీయలేదు. కింద ఇలా రాశాడు: మోకు జారింది. ఆట నుంచి పో.

ముగ్గురు స్నేహితులు కట్టిన ఆట అది. బొమ్మలు భిక్షపతివి, అచ్చు జావీద్‌ది. నియమాలు రాసింది బడిలో లెక్కలు చెప్పే అనసూయ. పేరు తాటివనం. చెట్లెక్కాలి, కల్లు పట్టే కుండలు, లొట్లు, నింపాలి. ఎక్కువ నింపినవాడు గెలుస్తాడు. అరవై ముక్కల్లో చెడు నేనొక్కదాన్నే. భయం లేని ఆటను జనం కొనరని ముగ్గురూ అనుకున్నారు. భయం ఉన్న పనిలోకి మాత్రం మనుషులు పక్కవాణ్ని పంపుతారు.

మొదట ఊళ్లో కల్లు అమ్మే మండువలో ఆడించారు. నన్ను తీసిన గీతకాడల్లా నన్ను బోర్లించి, చేయి లుంగీకి తుడుచుకునేవాడు. భిక్షపతి తండ్రి సాయిలు గౌడ్ ఒక్కడే నన్ను తేరిపార చూసి, కింది రాత చదివించుకున్నాడు.

"పడ్డోడు ఆట నుంచి యాడికి పోతడ్రా?"

"పక్కకు కూసుంటడు నాయినా. గంతే."

"పక్కకు కూసునుడే గదరా కష్టం."

జావీద్ నవ్వాడు. "ఏంది కాకా, రూల్సు నువ్వు రాస్తవా?"

"నాకు రాత రాదు బిడ్డా. ఎక్కుడొస్తది, దిగుడొస్తది."

ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

పట్నంలో ఆటల సంత ఉంది. తాటివనం అక్కడే బయటికి రావాలి. దానికి ఇరవై రోజుల ముందు, పొద్దున్నే, చినుకులకు తడిసిన చెట్టు మీద సాయిలు మోకు జారింది. ప్రాణం దక్కింది. నడుము కింద ఏదీ దక్కలేదు.

"ఆ ముక్క ఉంటె నేనుండ," అన్నాడు భిక్షపతి. పెట్టె మీద అరవై ముక్కలని అచ్చయిపోయిందని జావీద్ అనబోయి ఊరుకున్నాడు.

సాయిలుకు పొద్దుపోవాలని ముగ్గురూ మంచం దగ్గర ఆట పరిచారు. నేను భిక్షపతి జేబులో ఉన్నాను. రెండు ఆటలయ్యాక సాయిలు అడిగాడు.

"అదేది?"

భిక్షపతి చేయి జేబు మీదికి పోయింది.

"దాన్ని దాస్తె నన్ను దాసినట్టే. తియ్యిరా."

నన్ను తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. "ఇది నేనే తీసిన. అయినా నా వంతు రానియ్యుండ్రి. దాటిపోవద్దు. ఏం జేస్తున్నవని అడుగుండ్రి."

ఆట సాగింది. వంతు వచ్చినప్పుడు అనసూయే అడిగింది. "ఏం జేస్తున్నవ్ కాకా?"

"చూస్తున్న."

వంతు వచ్చిన ప్రతిసారీ అడిగారు. ప్రతిసారీ అదే చెప్పాడు. నాలుగోసారి భిక్షపతి లేచి బయటికి వెళ్లాడు.

అదే నియమమై అచ్చయింది. నన్ను తీసినవాడు ఆట నుంచి పోడు. ఆట అయ్యేదాకా మిగతావాళ్లు అడగాలి, అతను చెప్పాలి.

సంతలో నన్ను నమూనాగా బల్ల మీద పెట్టారు. ఎదురుగా నలుగురు కుర్రాళ్లు కూర్చుని ఆడారు. నాలాంటిదే తీసినవాడు మొదటిసారి రాగం తీస్తూ "చూస్తున్న" అన్నాడు. అందరూ నవ్వారు. రెండోసారి కొంచెం నవ్వారు. మూడోసారి ఎవరూ నవ్వలేదు. నాలుగోసారి అతన్ని అడగడం మర్చిపోయారు. అతనూ గుర్తుచేయలేదు. ఆట బాగుందని చెప్పి రెండు పెట్టెలు కొనుక్కెళ్లారు.

ఇప్పుడు సాయిలు మంచం పక్కన కిటికీ ఊచల మధ్య ఉన్నాను. బయట ఆయన కల్లు గీసిన చెట్ల తలలు కనిపిస్తాయి. వాటిని వేరేవాళ్లు ఎక్కుతున్నారు. మొదట్లో వాళ్లు రోజూ గడప దగ్గర నిలబడి పలకరించేవాళ్లు. తర్వాత వారానికోసారి. భిక్షపతి జావీద్ ప్రెస్సులోనే పనికి కుదిరాడు. సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, "ఏం జేస్తున్నవ్ నాయినా?" అంటాడు. పని ఎక్కువైన రోజు మర్చిపోతాడు.

ఆ రోజు సాయిలు దీపాలు పెట్టేదాకా గడప వైపు చూస్తాడు. తర్వాత నా వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే చెబుతాడు.

"చూస్తున్న."