హంతకుడి టోపీ

“ఇవాళ ఆ గొడ్డలి వద్దే, రో. ఉత్త కర్ర పట్టుకుని చెప్పు పాట,” అన్నాను.

మా రోవెనా వంటింటి అద్దం ముందు నిలబడి మొహానికి బూడిద రాసుకుంటోంది. బంగారం తవ్వుతూ చచ్చిపోయిన కూలీలా కనపడాలట.

“అమ్మా, దాని అంచు అరగదీసి పదేళ్ళయింది. రొట్టె కూడా కొయ్యదు.”

“కొయ్యకపోతే బరువుండదా? తాగినవాడెవడైనా లాక్కుంటే?”

“ఎవడూ లాక్కోడు. పోయినేడు వేదిక అంటుకుంటుందన్నావు. అంతకుముందేడు పైకప్పు కూలుతుందన్నావు. ఇంకా నయం, పాట మధ్యలో నన్ను ఎలుగుబంటి ఎత్తుకుపోతుందనలేదు.”

“వెనక తలుపు తీసే ఉంటుందిగా,” అన్నాను. నిజానికి ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు.

అది నవ్వుతూ గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళింది.

ఆ రోజు బంగారం దొరికిన రోజు పండుగ. ఆగస్టు మధ్యలో వస్తుంది. కెనడా ఉత్తరాన మా డాసన్‌లో ఊరేగింపు అయిపోయాక జనమంతా నది వీధిలో ఉన్న ఆంగస్ సారాకొట్టుకే చేరతారు. నేను ఆ కొట్టు వంటింట్లో ఇరవై ఏళ్ళుగా అట్లు పోస్తున్నాను. నా కూతురు ఏడు వేసవులుగా అక్కడే వేదికెక్కి మా ఊరి కవి పాటలు చెబుతోంది. ఆ కవి పడవల రేవులో సరుకు తూచే గుమస్తా. బంగారం కోసం వచ్చినవాళ్ళ చావుల్నీ పోట్లాటల్నీ పాటలు కట్టి పోయాడు. మాకు అవి నోటికి వచ్చు. ఊరు చూడ్డానికి బస్సుల్లో వచ్చేవాళ్ళకే ఎవరో ఒకరు చెప్పాలి.

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది పార్డీ పాట. ఇద్దరు స్నేహితులు ఒకే ఏటిపాయలో బంగారం తవ్వుతారు. చలికాలంలో జెడ్ పార్డీ అనేవాడు రెండోవాణ్ణి గొడ్డలితో నరికి, గడ్డకట్టిన ఏటి మంచుకు కన్నం చేసి అందులోకి తోసేస్తాడు. తర్వాత వాడి టోపీ పెట్టుకుని ఊళ్ళోకొస్తాడు. పాట మొదలవగానే రో ఒక తోలు టోపీ తీసుకుని కిందికి దిగి, జనంలో ఒకడి తల మీద పెడుతుంది. ఇక పాటంతా పార్డీ వాడే. జనం బూట్లతో నేల తన్నుతూ వాణ్ణి తిడతారు, వేరుశనగ తొక్కలు విసురుతారు. ఫొటోలు తీసుకుంటారు. వాడూ నవ్వుతాడు.

ఒకటే కట్టుబాటు. టోపీ ఊరివాడికి పెట్టకూడదు. ఆంగస్ వాళ్ళ నాన్న కాలంలో ఎవరో ఒక ఊరివాడికి పెడితే, వాడి పిల్లల్ని బళ్ళో పార్డీ పిల్లలనే పిలిచారట, పెద్దయ్యేదాకా. అందుకని చీచాకోలకే పెడతాం. మా దగ్గర ఒక్క చలికాలం కూడా గడపనివాణ్ణి అలా అంటాం. ఎవరు చీచాకోనో బూట్లు చూసి చెప్పచ్చు. మావాళ్ళ బూట్లకు ఏటి బూడిద మట్టి పట్టి ఉంటుంది, చర్చికి వెళ్ళేటప్పుడు కడిగినా పోదు. వేదిక దీపాలు కళ్ళలో పడి రోకు కిందివాళ్ళు కనపడరు. అందుకని నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తాను. తువ్వాలు కుడి భుజాన వేసుకుంటే కుడివైపు, ఎడమ భుజాన వేసుకుంటే ఎడమవైపు. దాని చెయ్యి సరైన మనిషి దగ్గరకు రాగానే తలూపుతాను.

ఆ రోజు అది టోపీ పట్టుకుని ఎడమవైపు నడిచింది. అక్కడ ముందు వరసలో బార్నీ కూర్చుని ఉన్నాడు, పొద్దున్నించీ తాగి. వసంతంలో ఒకడి చెవి కొరికిన మనిషి. నడుముకు కత్తి ఉంది. దాని చెయ్యి పొరపాటున వాడికి తగిలినా కత్తి దూస్తాడు. గబగబా తువ్వాలు కుడి భుజానికి మార్చాను. కుడివైపు నాలుగో బల్ల దగ్గర ఒకాయన ఒంటరిగా కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, గోధుమరంగు బూట్లు, అద్దంలా మెరుస్తున్నాయి. కాఫీ తాగుతున్నాడు. పండుగ నాడు సారాకొట్టులో కాఫీ తాగేవాడు ఎవర్నేం చేస్తాడు?

తలూపాను. రో ఆయన తల మీద టోపీ పెట్టింది.

“ఇదిగో మన పార్డీ దొర! ఎన్నాళ్ళకొచ్చాడు!” అని అరిచింది. కొట్టంతా గొల్లున నవ్వింది.

ఆయన నవ్వలేదు. చేతిలో కప్పు అలాగే ఉంది. కొత్తవాడు కదా, సిగ్గుపడుతున్నాడనుకున్నాను. రో వేదికెక్కి గొడ్డలి అందుకుంది.

“ఇద్దరు పోయిరి ఏటిపాయకు, ఒక్కడె వచ్చెను ఊళ్ళోకి,
రెండోవాడి టోపీ పెట్టుక నవ్వుతు వచ్చెను కొట్లోకి!”

“ఏడిరా వాడు? ఏడిరా వాడు?” అని జనం బూట్లు తన్నారు. గోడకున్న సీసాలు గలగలలాడాయి.

నరికే చోట రో గొడ్డలి ఎత్తి కొయ్యమొద్దు మీద వేస్తుంది. ఒక్కో దెబ్బకూ జనం లెక్క పెడతారు. ఒకటి, రెండు, మూడు. మొద్దు కింద ఎర్రరంగు నీళ్ళ సంచీ ఉంటుంది, అది పగిలి ముందు వరస మీద చిమ్ముతుంది. ఆడవాళ్ళు కెవ్వుమంటారు, మగవాళ్ళు ఈల వేస్తారు. బార్నీ వేరుశనగ తొక్కలు గుప్పెడు తీసి ఆయన మొహాన కొట్టాడు.

“హంతకుడా! ఒకే కంచంలో తిన్నవాణ్ణి పొట్టన పెట్టుకున్నావుగదరా!”

మరొకడు బీరు పోశాడు నెత్తిన. అది ఆటలో లేదు. నాకు అప్పుడే ఆపించాలనిపించింది. ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది నాకు, అందుకే ఆపలేదు.

ఆయన లేచాడు. మెల్లగా వేదిక దగ్గరకు నడిచాడు. ఆటలో కలిశాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. రో కూడా అలాగే అనుకుని వంగి చెయ్యి అందించింది, పైకి రమ్మని. ఆయన ఆ చెయ్యి పట్టుకోలేదు. రెండో చేతిలో ఉన్న గొడ్డలి లాక్కున్నాడు.

“మా తాత ఎవర్నీ చంపలేదు,” అన్నాడు. “మంచు విరిగి ఏట్లో పడ్డాడు ఆ రెండోవాడు. మా నాన్న ఈ పాటకే ఊరొదిలాడు. ఈ పాటకే చచ్చాడు.”

తర్వాత కొట్టాడు. గొడ్డలి వెనకవైపుతో, దవడ మీద. ఆ చప్పుడు మొద్దు మీద చప్పుడులా లేదు. నా కూతురు మోకాళ్ళ మీద పడి, పక్కకు ఒరిగింది. నోట్లోంచి రక్తం, పళ్ళు. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఒకావిడ ఫొటో తీసింది.

ఆయన మళ్ళీ ఎత్తాడు.

నా చేతిలో ఇనప పెనం ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు, అప్పుడే పొయ్యి మీంచి దించినది, పిడి కాలుతోంది. బల్లలు తోసుకుంటూ వెళ్ళాను. మొదటి దెబ్బ చెవి పక్కన తగిలింది. గొడ్డలి జారిపోయింది, ఆయన వెల్లకిలా పడ్డాడు. అప్పటికి జనానికి అర్థమైంది. బార్నీ, మిగతావాళ్ళు బూట్లతో వచ్చి పడ్డారు. పక్కటెముకలు విరిగే చప్పుడు విన్నాను. ఎవడో చేతివేళ్ళ మీద తొక్కాడు. పక్కనుంచి ఎవరో ఇంకా లెక్క పెడుతున్నారు, పాట అలవాటుకి. వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి నేను మళ్ళీ పెనం ఎత్తాను. అక్కడినుంచి నాకు స్పష్టంగా లేదు. ఆయన కన్ను ఎటో తిరిగి ఉండడం గుర్తుంది. నా అరచెయ్యి కాలిన వాసన గుర్తుంది.

జేబులో కాగితాలు చూస్తే రసెల్ పార్డీ అని ఉంది. జెడ్ పార్డీ మనవడు. మా మట్టి ఒక్కరోజు కూడా అంటని బూట్లు ఆయనకెలా వచ్చాయో అప్పుడు అర్థమైంది. ఆ కుటుంబాన్ని తరిమింది మేమే.

ఆయన చావలేదు. ఎడమ కన్ను పోయింది. వైట్‌హార్స్ ఆస్పత్రిలో కింది అంతస్తులో ఆయన, పై అంతస్తులో నా కూతురు. ఆయన గది తలుపు దగ్గర పోలీసు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను ఆ వైపు చూడకుండా మెట్లెక్కేదాన్ని. చూస్తే చచ్చిపోయి ఉంటాడేమోనని భయం.

రో దవడను తీగలతో కట్టేశారు, ఆరు వారాలు. గొట్టంతో పులుసు తాగేది. కావలసింది కాగితం మీద రాసేది. “ఉప్పు తక్కువ.” “కిటికీ తెరువు.” ఆ రోజు సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. కానిస్టేబుల్ వచ్చి అడిగితే కళ్ళు మూసుకుంది.

ఊళ్ళో అందరూ ఒకే మాట చెప్పారు. ఆంగస్ నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

“ఇర్మా, దిగులు పడకు. తొక్కిసలాటలో పడ్డాడు, అంతే. ఎవడి కాలు ఎక్కడ తగిలిందో ఎవడికి తెలుసు?”

“పెనం అడిగితే?”

“ఏ పెనం? నా వంటింట్లో పెనమే లేదు. అట్లు బూటు మీద పోస్తున్నావు ఇరవై ఏళ్ళుగా.”

“ఎక్కడుంది, ఆంగస్?”

“నదిలో ఈదుకుంటోంది.”

నేను నవ్వలేదు. నేనిచ్చిన వాంగ్మూలం కూడా అదే. నా కూతుర్ని కాపాడుకోడానికి ఒక్క దెబ్బ కొట్టాను, తర్వాత ఏం జరిగిందో చూడలేదు అని. ఒక్క దెబ్బయితే తప్పు కాదని కానిస్టేబులే అన్నాడు. పడిపోయినవాణ్ణి కొడితే వేరు. ఆయన కన్ను పోగొట్టింది బూటో ఇనుమో డాక్టరు చెప్పలేకపోయాడట. ఇక మిగిలింది ఒక్కతే సాక్షి. వేదిక అంచున, ఆయన పక్కనే, మొహం ఇటు తిప్పి పడి ఉన్న నా రో.

తీగలు విప్పిన రోజు నేనే ట్రక్కులో ఇంటికి తీసుకొచ్చాను. ఆరు గంటల దారి. అక్టోబరు వచ్చేసింది, చెట్లు పసుపుటాకులు రాల్చేశాయి.

“డాక్టరు మాట్లాడచ్చన్నాడు,” అన్నాను.

బయటికి చూస్తోంది.

“నొప్పిగా ఉందా?”

తల అడ్డంగా ఊపింది.

“రేపు కానిస్టేబుల్ వస్తాడట. నీకు స్పృహ లేదని చెప్తే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు, అంత దెబ్బ తగిలితే ఎవరికి స్పృహ ఉంటుంది? వినపడుతోందా? నన్ను లోపలేస్తే నీకెవరున్నారు? పులుసెవరు కాస్తారు? ఆ మనిషి నీ దవడ విరగ్గొట్టాడు, రో. రెండోసారి ఎత్తాడు. నేను రాకపోతే నీ తల పగిలేది.”

పెల్లీ వంతెన దాటాం. కాఫీ కొట్టు దగ్గర ఆగాం. మళ్ళీ బయల్దేరాం.  తువ్వాలు ఏ భుజాన వేశానో దానికి తెలుసు కదా. ఆ సంగతైనా తిడుతుందేమోనని చూశాను.

“ఆ మనిషిని చూపించింది నేనే,” అన్నాను చివరికి. “బార్నీకి భయపడి. ఒప్పుకుంటున్నాను. అయినా ఆ పాట చెప్పింది నువ్వేగా.”

ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. అది అద్దం మీద ఊపిరి వదిలి, చేత్తో తుడిచేసింది.

మర్నాడు పది గంటలకు కానిస్టేబుల్ వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను కాఫీ పోశాను. 

“రోవెనా గారూ, మీకు ఇబ్బందిగా ఉంటే ఇంకో రోజు వస్తాను. మీరు పడిపోయాక స్పృహలోనే ఉన్నారా?”

అది ఔనన్నట్టు తలూపింది. 

“మీ అమ్మగారు పార్డీని కొట్టడం చూశారా?”

మళ్ళీ తలూపింది.

“ఒక్కసారే కొట్టానంటున్నారు ఆవిడ. మిగతాది తొక్కిసలాటేనని ఊరంతా అంటోంది.” అతను పుస్తకం తెరిచి కలం పట్టుకున్నాడు. “మీరేం చూశారో మీ మాటల్లో చెప్పండి. ఎంత సేపు పట్టినా ఫర్వాలేదు.”

నేను బల్ల అవతలినుంచి దాన్నే చూస్తున్నాను. వద్దని తలూపలేదు. బతిమాలలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను, అరచేతి మీద కాలిన మచ్చ కనపడకుండా. కాఫీ చల్లారింది.  రో నన్ను చూసింది. ఆస్పత్రిలో చేరిన తర్వాత అది నా కళ్ళలోకి చూడడం అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ చూపు తిప్పుకోలేదు. దవడ నెమ్మదిగా కదిలింది, తలుపు బిగుసుకుపోతే తెరిచినట్టు.

“నాలుగు,” అంది. గొంతు ఎవరిదో లాగుంది. “అతను నిలబడి ఉన్నప్పుడు ఒకటి. పడ్డాక మూడు.”