లచ్చవ్వ ముట్టుకుంటే ఆగిపోయే ప్రోగ్రాం

అత్తగారి మీద మనీషాకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే. కూరలో ఉప్పు గురించి కాదు, పుట్టింటి మాటల గురించి కాదు. లచ్చవ్వ వేలు తగిలితే చాలు, మనీషా రాసిన ప్రోగ్రాం అక్కడికక్కడే ప్రాణం విడిచేది. భర్త శ్రీధర్ కొడితే నడిచేది. తను కొడితే పరుగెత్తేది. అత్తమ్మ కొడితే తెర మీద గడులన్నీ మాయమై ఎర్ర అక్షరాలు మిగిలేవి.

ఫోన్‌లో పాఠాలు చూసి నేర్చుకుని రాసిన మొదటి ప్రోగ్రాం అది. కోరుట్లలో వాళ్ల గల్లీ చివర వహీదాబీ కుట్టు దుకాణం కోసం. జాకెట్టు కొలతలు ఒకసారి ఎక్కిస్తే, మళ్లీ వచ్చినప్పుడు పేరు కొట్టగానే కనబడాలి. బాగుంటే మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చుని నువ్వే చూసుకో అంది వహీదాబీ. డిగ్రీ చదివిన ఇన్నేళ్లకు ఇంటి బయట మనీషాకు దొరకబోయే మొదటి కుర్చీ. వహీదాబీ ఈ సాయంత్రమే చూడటానికి వస్తోంది.

"ఇయ్యాల గూడ పడిపోతే ఇగ బంద్ పెట్టు. వహీదా చాచీ ముంగట ఇజ్జత్ పోతది," అన్నాడు శ్రీధర్. ఎవరి ఇజ్జతో చెప్పలేదు. మొబైల్ దుకాణంలో పని కనుక తెర ఉన్న ప్రతి వస్తువు మీదా అతనికో అభిప్రాయం ఉంటుంది. 'భర్త పేరు' గడి కూడా అతని అభిప్రాయమే. "కోరుట్లల లచ్చవ్వలు గల్లీకొకరు. భర్త పేరు లేకుంటే ఏ లచ్చవ్వో ఎట్ల ఎరుకైతది?" అన్నాడు. నిజమే అనుకుని మనీషా, భార్యాభర్తలిద్దరి పేర్లలోంచీ మొదటి అక్షరాలు తీసి ఒక్కొక్కరికో గుర్తు తయారయ్యేలా రాసింది.

ఎర్ర అక్షరాల్లో చివరి వరస చదవమని పాఠంలో చెప్పారు. ఖాళీ గడిలోంచి మొదటి అక్షరం తెమ్మంటే ఎక్కడి నుంచి తేను అని దాని గోడు. ఏ గడి ఖాళీ? "అన్నీ నింపినవా అత్తమ్మా?" అంటే "కొట్టేటియన్ని కొట్టిన బిడ్డా" అనేది లచ్చవ్వ. ఆమె కొడుతున్నప్పుడు మనీషా ఏనాడూ పక్కన లేదు. ఒకసారి పాలు పొంగాయి. ఒకసారి మామ సత్తయ్యకు బీపీ గోళీ. ఒకసారి శ్రీధర్‌కు తువ్వాల కనబడలేదు, అతని భుజం మీదే ఉంది.

"జర చాయ్ పెట్టు," అన్నాడు శ్రీధర్ ఇప్పుడు కూడా.

ఈసారి అత్తమ్మ పక్కనే కూర్చున్న మనీషా లేవలేదు. "పొయ్యి ఏడుంటదో ఎరుకే గద," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా. శ్రీధర్ వంటింటి వైపు కొత్త చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

లచ్చవ్వ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. తరువాతి గడి దగ్గర ఆగింది. అరుగు మీద పేపర్ చదువుతున్న సత్తయ్యను ఓసారి చూసింది. కొంగు సర్దుకుని, నవ్వుకుని, ఆ గడి దాటేసి నొక్కింది. ఎర్ర అక్షరాలు.

"మామ పేరు కొట్టలేదేంది అత్తమ్మా?"

"ఓ పిల్లా! పెండ్లైన కాడికెల్లి నోట్లెకెల్లి రాలే, ఏలుకెల్లి ఎట్లొస్తది? వహీదాబీని అడుగు, ఆమె చెప్తదా?"

ఖాళీ వదిలినా నడిచేలా ఒక్క వరస చేరిస్తే సరిపోతుంది. మనీషా రాసింది, కాసేపు చూసింది, చెరిపేసింది. జాకెట్టు కొలతకు మొగుడితో పనేముంది?

"మరి నువ్వు ఏ లచ్చవ్వవని అడిగితే ఏం చెప్తవ్ అత్తమ్మా?"

"గొల్లపల్లి లచ్చవ్వ. మా తల్లిగారూరు గద. ఇంకేమంటరు?"

మనీషా 'భర్త పేరు' గడి తీసేసి, అక్కడ 'తల్లిగారి ఊరు' అని పెట్టింది. లచ్చవ్వ గొల్లపల్లి అని ఎక్కడా ఆగకుండా కొట్టింది. కొలతలన్నీ బుద్ధిగా వచ్చి నిలబడ్డాయి.

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ వహీదాబీ అడిగింది. "క్యా బేటీ, మల్ల పడ్డదా?"

మనీషా నోరు విప్పేలోపు శ్రీధర్ అందుకున్నాడు. "లేదు చాచీ, నడుస్తుంది. మనీషా మంచిగనే రాసింది. గా మొగని పేరు నేను పెట్టిచ్చిన. తప్పు నాది."