వాగు అవతలి గొంతు

హౌనానీ మొగుడు పలకీకో వాగులో కొట్టుకుపోయాక, కర్మకాండలన్నీ ముగిసి చుట్టాలు వెళ్లిపోయిన నాటి నుంచి అతని గొంతు వినిపించసాగింది. పొద్దు కొండ వెనక్కి జారి, వైపియో లోయలో చీకటి ఇంకా చిక్కబడని వేళ, పైమడిలోని చేమాకుల మధ్య నుంచి వచ్చేది.

"కే హఓ నేయ్ ఔ ఇయా ఓఎ."

నీ మీద బెంగగా ఉందని.

దుంపలు నూరుతున్న హౌనానీ చేతిలో రాయి ఆగిపోయింది. గొంతు మొగుడిదే. మాటే అతనిది కాదు. ఇన్నేళ్ల కాపురంలో అంత మెత్తని మాట అతని నోట రాలేదు. ఆ మాటకొస్తే ఆమె నోటా రాలేదు.

ఆమె పలకలేదు. మాపటేళ మనిషి కనబడని పిలుపుకి బదులిస్తే, పిలిచినవాళ్ల వెంట పోవలసిందేనని లోయలో పసిపిల్లలకీ తెలుసు.

మర్నాడు ఆడబిడ్డ ఎమలియాకి చెప్పింది.

"కొంపదీసి పలికావా?"

"లేదు వదినా."

"బతికించావు. వాడు నా తమ్ముడే, కాదనను. కానీ చచ్చినవాడికి చుట్టరికం ఏమిటే?"

ఎమలియా తనే ఇంటి నాలుగు మూలలా తీ అనే మొక్కలు పాతి, గుమ్మంలో ఉప్పు చల్లి వెళ్లింది. దయ్యాలు దాటలేని కాపలా అది. గొంతు ఆగలేదు గానీ వాగు అవతలికి జరిగింది. చలికి వణుకుతున్నవాడిలా రోజూ అదే మాట. హౌనానీకి ముద్ద దిగడం మానేసింది.

ఒకనాడు వాన మొదలైంది. తడుస్తూ పిలుస్తున్నాడు. ఆమె లేచి మొక్కలన్నీ పీకేసి, మోకాటిలోతు నీళ్లలోకి దిగింది.

"నాకూ బెంగగానే ఉందయ్యా! ఇంటికి రా!"

నీళ్లను తోసుకుంటూ ఎవరో నడిచి వస్తున్న చప్పుడు. తడిసిన పొగాకు వాసన. చల్లని చెయ్యి ఆమె మణికట్టును గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్లు మూసుకుని, వెళ్లడానికి సిద్ధంగా నిలబడింది. ఆ చెయ్యి నెమ్మదిగా ఆమెను వదిలేసింది.

ఆ తర్వాత గొంతు వినిపించలేదు.

సంగతి విని ఎమలియా తిట్టిపోసింది, ఆనక ఏడ్చింది. "నీ మాట విని తృప్తిపడి పోయాడే. తీసుకుపోలేదు, అది చాలు. పద, కొండపైన మా ఇంట్లో ఉందువుగాని."

"పలక్కుండా ఉంటే రోజూ పిలిచేవాడు వదినా," అంది హౌనానీ. "ఇక్కడే వినబడనివాడు అక్కడ వినబడతాడా?"

ఎమలియా ఆ రోజు కొండెక్కలేదు. పొద్దు వాలాక, చచ్చినవాడితో మాట కలపకూడదని తనే భయపడ్డ సంగతి మరిచి, వాగు ఒడ్డున నిలబడి గొంతెత్తింది.

"ఒరేయ్ పలకీకో! అక్కనురా! నా మీద లేదట్రా నీకు బెంగ?"

వాగు పారుతూనే ఉంది. చీకట్లో ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా పోయేదాకా ఇద్దరూ చెవులు రిక్కించుకుని నిలబడ్డారు.